బోర్లా నేసిన అల

ఒకే బొమ్మను ఒకడు బాత్రూమ్ తలుపుకు పెట్టుకుందామనుకుంటాడు. అదే బొమ్మను చూసి ఇంకొకతెకు తిండి సయించదు. లోకం అట్లా ఉంది, ఏం చేస్తాం!

ఆ ఇంకొకతె హారతి. అడాజన్ అనే డబ్బున్నవాళ్ల పేటలో, రంగుగాజు కార్ఖానాలో పని. రంగురంగుల గాజు పలకలను ముక్కలుగా కోసి, ముక్కకూ ముక్కకూ నడుమ సీసం పట్టీ దూర్చి, అతుకుల మీద టంకం వేసి బొమ్మలు చేస్తారక్కడ. పెద్దిళ్ల పూజగది తలుపులకు, మెట్ల పక్క కిటికీలకు పెట్టుకుంటారు. చేరిన నాటి నుంచి ఆమె కోసినవి నెమళ్లు, తామరపూలు, మళ్లీ నెమళ్లు. నెమలి కనబడితే కత్తి పట్టేంత విసుగొచ్చింది.

అలాంటప్పుడు ఒక బంగ్లా ఆసామి ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. ఎప్పటిదో జపాన్ బొమ్మ. చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చొత్తింది. ఎడమ పక్క నుంచి లేచిన కొండంత అల, కొనలో గోళ్లు చాచినట్టు నురగ, దూరంగా బుడ్డ కొండొకటి. "బాత్రూమ్‌కు బాగుంటుంది కదా" అన్నాడాయన. మర్నాడు వాస్తు పండితుడెవరో, ఇంట్లోకి అల వస్తే లక్ష్మి బయటికి పోతుందన్నాడట. ఆయన మనసు మార్చుకుని నెమలి చాలన్నాడు.

బొమ్మ మాత్రం హారతి ఫోన్‌లో ఉండిపోయింది. సిటీ బస్సులో నిలబడి దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసింది. అల కింద పడవలు. పడవల్లో మనుషులు. బోర్లా వంగి, తెడ్లు పట్టుకుని, తలలు దించుకుని ఉన్నారు. పెద్ద పెద్దవాళ్లంతా అలను చూసి ఆహా అంటారు, కొండను చూసి ఓహో అంటారు. ఆ వంగినవాళ్ల జోలికి ఎవడూ పోడు. హారతికి ఆ వంగడం తెలుసు. పవర్‌లూమ్ మీద తెగిన పోగు కోసం వంగే నడుములు పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే.

"ఓయమ్మా, వీళ్లు మనోళ్లే!" అని బస్సులో పైకే అనేసి నవ్వింది. పక్కనున్న ముసలామె జరిగి కూర్చుంది.

*

హారతి వాళ్లుండే మగ్గాల పేట ఉన్. అక్కడ తెలంగాణ నుంచి వలసొచ్చిన నేతవాళ్ల సమాజం హాలుంది. దాని వేదిక వెనక గోడలో, గల్లీ వైపు, కట్టిన నాటి నుంచి కిటికీ కోసం వదిలేసిన ఒక పెద్ద బొంద. దానికి ప్లాస్టిక్ పట్టా కట్టి ఉంటుంది. వానొస్తే పెళ్లికొడుకు తడుస్తాడు. ఆ బొందకు తాను గాజు బొమ్మ పెడతానంది హారతి. కార్ఖానాలో పారేసే ముక్కలు సేఠ్ ఊరికే ఇస్తానన్నాడు.

సమాజం అధ్యక్షుడు సోమలింగం. హారతికి సొంత పెద్దనాన్న. సంగతి విని ముందు మురిసిపోయాడు, ఫోన్‌లో బొమ్మ చూడగానే ముఖం మాడ్చాడు.

"గిదేంది బిడ్డా? మన కులగురువు మార్కండేయ మహర్షి ఉండంగ జపానోళ్ల నీళ్లెందుకు మనకు?"

"మార్కండేయుడు క్యాలెండర్ మీదున్నడు, తలుపు మీదున్నడు, నీ బండి మీద గూడ ఉన్నడు పెద్దబాపూ. జర ఆయనకు గూడ ఆరామియ్యి."

"నోరు జూడు దీనిది! నీళ్ల బొమ్మ ఏం బొమ్మ?"

అక్కడే కూర్చుని తమలపాకు నములుతున్న వజ్రమ్మ అందుకుంది. ఈమె సోమలింగానికి చెల్లెలు, హారతికి మేనత్త. మగ్గాల కార్ఖానాలో పడుగు చుట్టిన బీముకు పోగులు అతికే పని. ఊళ్లో ఎవరికీ భయపడదు, అన్నకైతే అసలే భయపడదు.

"నీళ్లు మనకు కొత్తనా అన్నా? వానకాలమొస్తే ఖాడీ కాలువ పొంగి నీళ్లు పొయ్యిలకొస్తయ్. మొన్నటేడు నువ్వు బీరువా మీదెక్కి కూసున్నవ్. నీ లుంగీ గూడ జపాన్ దాకా పోయింది."

హాల్లో ఉన్నవాళ్లు పగలబడ్డారు. సోమలింగం పరువు కాపాడుకోవడానికి గొంతు పెంచాడు.

"సరే, ఇనుర్రి. తెర తీసిన నాడు జనం మెచ్చితే ఉంటది. మెచ్చకుంటే అప్పటికప్పుడే ప్లైవుడ్డు కొట్టిస్త, దాని మీద మార్కండేయుని ఫ్లెక్సు కడ్త. ఆనాడు నా ముంగట ఏడ్వొద్దు."

"ఏడ్వను" అంది హారతి. బతుకంతా పక్కవాళ్ల నెమళ్లు కోసింది. తాను కోరి చేసే మొదటి బొమ్మ ఇది. దాని నెత్తిన ప్లైవుడ్డు పడితే ఇక మళ్లీ నెమళ్లే, చచ్చేదాకా.

*

ఫోన్‌లో బొమ్మను కిటికీ అంత చేయాలి. ఆ పని వజ్రమ్మ కొడుకు ఉమాకాంత్‌ది. మగ్గం మీదే పూలు నేసే జకార్డు చీరల డిజైన్లు కంప్యూటర్ మీద గీస్తాడు. హారతికి బావ వరస.

"బావా, గోడంత కావాలె. గీతలు సాఫ్‌గ కనబడాలె."

"అంతే గదా? చాయ్ తాగొచ్చేలోపల ఇస్త."

చాయ్ తాగి వచ్చేలోపే ఇచ్చాడు. ఆ ఇవ్వడంలో వాడేం చేశాడో వాడికే తెలియదు. అది తర్వాత.

సెలవు రోజుల్లో వజ్రమ్మ ఇంట్లో పని సాగింది. ఒక్కటే గది. మంచం ఎత్తి గల్లీలో పెట్టారు. కాగితం మొత్తం పరిచే చోటు లేదు కనుక ముక్కల కింద కోసి, ఇవాళ ఒక ముక్క, వచ్చే సెలవుకు ఇంకో ముక్క నేల మీద పరిచారు. కళకు విశాలమైన చోటు కావాలంటారు. చోటున్నవాళ్లు బాత్రూములకు నెమళ్లు పెట్టుకుంటున్నారు కదా, ఇక్కడ చోటెక్కడిది!

వజ్రమ్మతో పోగులు అతికే ఆడవాళ్లంతా వచ్చారు. వెంట్రుకంత పోగును ముడివేసే వేళ్లకు సీసం పట్టీ ఒక లెక్కా? ఒకరిటు, ఒకరటు, మోకాళ్ల మీద కూర్చుని నీలం ముక్కలకు పేర్లు పెట్టారు. ఇది ఇంకు నీలం, అది సబ్బుపొడి నీలం, ఇదిగో ఇది పోలీసు జీపు నీలం. నురగ దగ్గర తెల్ల ముక్కలు చాలకపోతే గల్లీ మొత్తం తిరిగి పగిలిన పాలగాజు లైటు డోములు ఏరుకొచ్చారు. వేళ్లు తెగాయి, పాటలు పాడారు, ఒకామె నవ్వీ నవ్వీ టంకం కడ్డీ మీద కూర్చోబోయి తప్పించుకుంది. హారతికి ఆ రోజుల్లో నడుస్తున్నట్టుండేది కాదు, ఎవరో చంకల్లో చేతులేసి ఎత్తుకుపోతున్నట్టుండేది.

బొమ్మ మొత్తాన్ని నిలబెట్టి మాత్రం ఎవరూ చూడలేదు. నిలబెట్టేటంత చోటుంటే కదా. ముక్కలు ముక్కలుగానే హాలుకు మోశారు, ఇనుప చట్రంలో బిగించారు, చుట్టూ సిమెంటు పెట్టారు. దుమ్ము పడకుండా మేస్త్రీ ఆ క్షణమే రెండు వైపులా గుడ్డ కప్పేశాడు.

*

తెర తీసే సాయంత్రం ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. పేరు ఆదర్శ్. హజీరా రేవు దగ్గర ఒక పెద్ద ఫ్యాక్టరీలో మేనేజరు, కోస్తా మనిషి, అడాజన్‌లో ఫ్లాటు. వేదికెక్కి కోటు గుండీలు విప్పాడు. లోపల టీషర్టు. టీషర్టు మీద, పొట్ట మీద సరిగ్గా, ఆ అలే.

"అందరికీ నమస్కారమండి! నాకు ఈ బొమ్మంటే ప్రాణమండి. ఇంట్లో కాఫీ కప్పు మీద ఉంది, దిండు గలీబు మీద ఉంది. మీ హాల్లో పెడుతున్నారని తెలిసి నిద్ర పట్టలేదంటే నమ్మండి!"

గల్లీ వైపు గుడ్డ ముందే తీసేశారు. ఆదర్శ్ తాడు లాగాడు, లోపలి తెర జారింది.

పడమటి ఎండ ఒక్కసారి గాజులోంచి దూకింది. హాలంతా నీలం. బట్టతలలు నీలం, తెల్ల పంచెలు నీలం, లడ్డూలు కూడా నీలం. "అబ్బో!" అని ఒక్క గొంతులా లేచింది జనం. హారతి కాళ్లు నేల మీద లేవు. వజ్రమ్మ అయితే వేళ్లు నోట్లో పెట్టి ఈలేసింది.

ఫొటో కోసం ఆదర్శ్ కిటికీ పక్కకెళ్లి నిలబడ్డాడు. కిటికీ వైపు చూశాడు. పొట్ట వైపు చూసుకున్నాడు. మళ్లీ కిటికీ వైపు చూశాడు.

"ఏవండీ… ఇది తిరగబడిందేంటండీ?"

అప్పుడు చూశారు అందరూ. ఆయన పొట్ట మీది అల ఎడమ నుంచి కుడికి వస్తోంది. కిటికీలో అల కుడి నుంచి ఎడమకు వస్తోంది. రెండూ ఎదురెదురుగా, ఇక గుద్దుకుందాం రా అన్న పొట్టేళ్లలా ఉన్నాయి. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, హాలంతా అంటుకుంది.

సోమలింగం ముఖం వెలిగిపోయింది. "ఉల్టా! జపానోళ్లది పెడ్తి పెడ్తిరి, అదన్న సీదా పెట్టిండ్రా? జనం ఎట్ల నవ్వుతున్నరో సూడుర్రి! బ్రహ్మచారీ, ప్లైవుడ్డు లేపు!"

బ్రహ్మచారి వడ్రంగి. ముందే కొలత ప్రకారం కోసిన ప్లైవుడ్డుతో గోడ పక్కన కాచుకుని ఉన్నాడు. నోట్లో మేకులు పెట్టుకుని, సుత్తి తీసుకుని లేచాడు.

హారతి ఫోన్ తీసి చూసింది. నిజమే. తిరగబడింది. ఆమె కళ్లు ఉమాకాంత్‌ను వెతికాయి. వాడు మెల్లగా స్తంభం వెనక్కి జరుగుతున్నాడు.

"బావా! ఇటు రా! ఏం జేసినవ్?"

"ఏం జేయలే…" ఉమాకాంత్ స్తంభం చాటు నుంచే తల బయటపెట్టాడు. "ప్రింటు గొట్టే ముందు మిర్రర్ నొక్కిన."

"ఎందుకు నొక్కినవ్?"

"ఎందుకేంది? రోజు నొక్కుత గదా!"

ఆ మాటకు లేచిన నవ్వుకు పైనున్న పావురాలు ఎగిరిపోయాయి. ఆదర్శ్ ఒక్కడికే అర్థం కాలేదు. మగ్గం కొట్టినవాళ్లకు అర్థం కావడానికి ఏముంది? వాళ్ల జకార్డు మగ్గం మీద చీర బోర్లా పడుకుని పుడుతుంది. ముఖం కిందికి, వీపు నేసేవాడి కళ్లకు. అందుకే డిజైన్ గీసేవాడు పువ్వునైనా పేరునైనా కుడిఎడమలు తిరగేసి పెడతాడు. అప్పుడే కింద ముఖం తిన్నగా వస్తుంది. ఉమాకాంత్ వేలు దానంతటది పోయి ఆ బటన్ నొక్కేసింది.

"అరెరె, గాజును గూడ బోర్లా నేసిండ్రా వీడు!"

"పోనీ గంజి పెట్టిండా అడుగుర్రి!"

ప్లైవుడ్డు కిటికీ దాకా లేచింది. హారతి దానికి అడ్డంగా నిలబడింది. ఏడవనని మాటిచ్చింది కనుక ఏడవడానికి లేదు. నవ్వు ఆపుకుందామంటే బావ ముఖం కనబడుతోంది. ఏడుపూ నవ్వూ కలిసి ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

అప్పుడు వజ్రమ్మ కుర్చీ ఎక్కింది. "ఏయ్, నవ్వింది సాలు! మగ్గం మీద చీర ముఖం సూడాలంటే ఏం జేస్తరు? కిందికి వంగి సూస్తరా లేదా? దీని ముఖం గల్లీల ఉన్నది. సూడకుండనే మేకులు కొడ్తరా? నడువుర్రి బయటికి!"

ఆ మాటకు నేతవాడెవడూ ఎదురు చెప్పలేడు. వీపు చూసి సరుకు కాదనడం వాళ్ల వృత్తిలోనే లేదు. కుర్చీలు కిందపడ్డాయి, చెప్పులు మారిపోయాయి, హాలు హాలంతా గుమ్మంలోంచి గల్లీలోకి ఒలికింది. ఆదర్శ్‌ను జనమే మోసుకుపోయారు, ఆయన కాళ్లు కదిపిందేం లేదు.

గల్లీలోకి వచ్చి తలెత్తి చూశారు. కిటికీ నల్లగా, పాత రొట్టెల పెనంలా ఉంది. బొమ్మా లేదు, రంగూ లేదు.

"ఇదేనా ముఖం?" సోమలింగం నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "దీని కన్న వీపే నయముండె!"

"వెలుగు అవతలుండాలె!" అని అరిచింది హారతి. "ఎండ ఇటుంటే రంగు అటు కనబడ్తది. జర ఆగుర్రి, పెద్దబాపూ, జర!"

అంటూనే లోపలికి ఉరికింది. వెనకే ఉమాకాంత్. పెళ్లిళ్లకు వీడియో తీసేవాళ్లు వాడే పెద్ద ఫోకసు లైట్లు ఒక మూలన ఉన్నాయి. ఈడ్చుకొచ్చి కిటికీ వైపు తిప్పారు.

"బావా, ప్లగ్గు!"

"ఏ ప్లగ్గు?"

"కూలర్ది పీకి పెట్టు! దీన్ని గూడ ఉల్టా పెట్టకు నాయనా!"

బయట ఎండ మిల్లు గోడ వెనక్కి దిగింది. లోపల లైట్లు భగ్గుమన్నాయి. హాల్లో మిగిలింది హారతి, ఉమాకాంత్, నోట్లో మేకులతో బ్రహ్మచారి. వాళ్లకు కనబడేది వీపు. అది కూడా ఇప్పుడు మసక మసకగా. బయట చప్పుడు లేదు. హారతి గోడకు చెవి ఆనించింది. ఇంత జనం ఒక్క మాటైనా అనరేం? నచ్చలేదా? పోయారా?

ఎక్కడో ఒక సైకిల్ బెల్లు మోగింది. ఆ వెంటనే ఒక ఈల. అది అత్త ఈల కాదు, ఎవరో కొత్తవాళ్లది. ఆ తర్వాత గోడ అవతల కేక, కేక మీద కేక, చప్పట్లు.

"ఎట్లున్నదంట?" అని ఉమాకాంత్‌ను పట్టుకుని ఊపింది.

"నేను ఈడనే ఉన్న గదనే, తల్లీ!"

చెప్పుల్లేకుండానే బయటికి పరుగెత్తింది.

గల్లీ గల్లీ కాదు, జాతర. మగ్గాల షిఫ్టు అప్పుడే వదిలారు. ఒడియావాళ్లు, యూపీవాళ్లు, మనవాళ్లు, చెవుల్లో దూది, జుట్టు నిండా నూగు, సైకిళ్లు పట్టుకుని ఉన్నవాళ్లు ఉన్నట్టే నిలబడిపోయారు. గోడ మీద సముద్రం లేచి ఉంది. ఎడమ నుంచి, తిన్నగా, గోళ్లు చాచుకుని. ఆదర్శ్ కోటు విప్పి చేతులూపుతూ "ఇదండీ! కరెక్టుగా ఇదండీ!" అని ఎవరికి పడితే వాళ్లకు పొట్ట చూపిస్తున్నాడు.

ఒక కుర్ర ఒడియా కార్మికుడు సోమలింగం భుజం తట్టి, ఆ బొమ్మ ఎవరిదని అడిగాడు. "చాచా, యే కిస్‌కా హై?"

"హమారా హై! ఔర్ కిస్‌కా?" అన్నాడు సోమలింగం, రొమ్ము విరిచి. అనేశాక నాలిక్కరుచుకున్నాడు.

"ఏమన్నవ్ అన్నా?" వజ్రమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టింది. "ఇనబడలే. జర జోరుగ!"

సోమలింగం తప్పించుకునే దారి వెతుకుతుంటే ఆదర్శే దారి చూపించాడు. "ఏం కంగారు పడకండి. రేపే మా ఫిట్టర్లను పంపిస్తాను. ఊడదీసి తిప్పి బిగించేస్తే లోపలికి కరెక్టుగా వచ్చేస్తుందండి."

"గట్ల జెయ్యుర్రి!" సోమలింగానికి ప్రాణం లేచొచ్చింది. "హాలు సమాజానిది. కిటికీ సమాజానిది. ముఖం సమాజానికే ఉండాలె. తిప్పితే ఉంచుత, లేకుంటే ప్లైవుడ్డే."

అందరూ హారతి వైపు చూశారు. సరేనంటే అయిపోయేది. బొమ్మ దక్కేది. ఎదురుగా షిఫ్టు దిగినవాళ్లు మెడలు నొప్పిపెడుతున్నా తలెత్తే ఉన్నారు. పగలంతా తల దించి పని చేసినవాళ్లు. హారతికి ఎక్కిళ్లు ఆగిపోయాయి.

"వద్దు సార్. తిప్పొద్దు."

"ఏందే?" అన్నాడు సోమలింగం.

"లోపలోళ్లకు ఫ్యాన్లున్నయ్, కుర్చీలున్నయ్, పెండ్లి బువ్వ ఉన్నది. బయటోళ్లకేమున్నది, మురికి మోరీ తప్ప? ముఖం గల్లీకే ఉంటది. కొట్టుకుంటే కొట్టుకో నీ ప్లైవుడ్డు, లోపలనే గదా కొడ్తవ్! గాజుకు, నీ ప్లైవుడ్డుకు నడుమల లైటు నేను ఎట్లన్న పెడ్త."

"మరి సమాజం వీపు సూడాల్నా?"

"పుట్టినకాడికెళ్లి వీపే సూసుకుంట బతికినవ్ పెద్దబాపూ. ఇయ్యాల కొత్తగ సిగ్గేంది?"

నవ్వు గల్లీ ఆ చివర నుంచి ఈ చివరకు పాకింది. తెలుగు రానివాళ్లు కూడా నవ్వారు, ముసలాయన ముఖం చూసి. సోమలింగం ఒకసారి కిటికీ వైపు, ఒకసారి జనం వైపు చూశాడు. నాయకుడన్నవాడికి ఒక విద్య వచ్చి ఉండాలి: జనం ఎటు పోతున్నారో చూసి, పరుగెత్తి వాళ్ల ముందు నిలబడటం. ఆ విద్య ఆయనకు బాగా వచ్చు.

"మైకు బయటికి తేరా!" అని కేకేశాడు. మైకు వచ్చింది. "సోదరులారా! ప్రళయకాలంల లోకమంత మునిగిపోతే, నీళ్ల మీద ఒక్కడే తిరిగిందెవరు? మన మార్కండేయ మహర్షి! గా నీళ్లే ఇవి! నేను మొదటికెళ్లి అదే అంటున్న!"

"ఒక్కడే తిరిగితే మరి ఆ పడవలల్ల వంగినోళ్లెవరు అన్నా?" వజ్రమ్మ వదల్లేదు.

మైకు కీచుమంది. సోమలింగం కళ్లు చిట్లించి పడవల వైపు చూశాడు. ఆయనా ముప్ఫై ఏళ్లు మగ్గం కొట్టినవాడే. గొంతు తగ్గింది.

"మనోళ్లే" అన్నాడు. "ఇంకెవరుంటరు?"

తర్వాత వెనక్కి తిరిగి గుమ్మంలో నిలబడ్డ వడ్రంగిని చూసి, "ఏయ్ బ్రహ్మచారీ, నోట్లకెళ్లి ఆ మేకులు తియ్యరాదు, మింగి సస్తవ్!" అన్నాడు. హారతి బావ వీపు మీద ఒక్కటి చరిచింది, అత్తను ఎత్తి గిరగిరా తిప్పింది, తిప్పలేక ఇద్దరూ వెళ్లి సైకిళ్ల మీద పడ్డారు.

ఈలోగా బట్ట తాన్లు ఎత్తిన టెంపో ఒకటి గల్లీలో ఇరుక్కుపోయింది. డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ, జనం కదలకపోతే తిట్టుకుంటూ దిగాడు. కిటికీ చూశాడు. తిట్టడం ఆపి, మంచి చోటు కోసం తాన్ల మీదికే ఎక్కాడు. వజ్రమ్మ హారతిని కూడా వెనక నుంచి నెట్టి అక్కడికే ఎక్కించింది, ఒక్క మాట మాట్లాడమని.

అంత ఎత్తు నుంచి అల కళ్లకు నేరుగా వచ్చింది. మాట్లాడదామని నోరు తెరిస్తే నవ్వే వచ్చింది. కింద నుంచి ఈలలు. పడవల్లో వాళ్లు వంగే ఉన్నారు, అల వాళ్ల నెత్తి మీద విరగబడటానికి సిద్ధంగా ఉంది. పడదు. ఎట్లా పడుతుంది? ప్రతి ముక్కనూ సీసం పట్టుకుని ఉంది, ప్రతి అతుకు మీదా టంకం వేసింది తానే.

వెనక హారన్లు మెయిన్ రోడ్డు దాకా పాకాయి.

"దీదీ, ఉతరో. మాల్ పహుంచానా హై" అన్నాడు డ్రైవరు, సరుకు చేర్చాలి దిగమని చెయ్యి చూపిస్తూ.

"జర ఆగు భయ్యా" అంది హారతి.

ఆయన కూడా దిగలేదు. తాన్ల మీద చతికిలబడి, కాళ్లు వేలాడదీసుకుని బీడీ వెలిగించాడు.